పరుల సంస్కృతి – మన పిల్లల చదువు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లలకు భిన్న సంస్కృతులను బోధించడం వల్ల కలిగే ప్రయోజనాన్ని గురించి మాట్లాడవలసిందిగా కార్యవర్గం మమ్మల్ని ఆదేశించింది. ఈ విషయం మీద సాధారణ ధోరణిలో మాట్లాడడం తేలిక. అన్ని సంస్కృతులూ గొప్పవే, అందరినీ గౌరవించాలి అంటే కాదనేవారు ఉండరు. అందరూ తలలూపుతారు, సభ ముగుస్తుంది, వచ్చే ఆదివారం మన బాలల తరగతిలో యథాప్రకారం పాత పాఠమే నడుస్తుంది. అందుచేత ఈ రోజు మేము ఒక ఊరిని గురించి, ఆ ఊరిలో మన పిల్లలలో ఒకరు అడిగిన ప్రశ్నను గురించి, ఆ తరువాత మా వల్ల జరిగిన ఒక తప్పును గురించి చెప్పదలచాము. వినయ నియమాన్ని అనుసరించి భిక్షువులు ఉపోసథ దినాన తమ దోషాన్ని తోటివారి ముందు ఒప్పుకుంటారు. మేము గృహస్థులమే అయినా ఆ పద్ధతి మంచిదని భావిస్తాము.

ఆ ఊరు కిష్టారం. బస్తర్ ప్రాంతంలో, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కొంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్నది. ఆ జిల్లా 2012లో దంతెవాడ నుండి వేరుపడింది. మన పత్రికలలో కిష్టారం పేరు కనిపించినప్పుడల్లా చాలావరకు చావుల లెక్కతోనే కనిపించింది. 2018 మార్చి 13న ఆ ఊరి సమీపంలో మందుపాతర పేలి 9 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు మరణించారు. మన పిల్లలలో ఆ పేరు విన్నవారు అంతవరకే విన్నారు. అక్కడ పిల్లలు ఉంటారని, ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారక ముందే ఇంటిల్లిపాదీ గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోతారని, తునికాకు కోసే రోజులలో పిల్లలు కూడా కట్టలు కడతారని వారికి ఎవరూ చెప్పలేదు. చరిత్ర బోధించే మేము కూడా చెప్పలేదు.

మిరప కోతకు మన ప్రాంతానికి వచ్చిపోయే కొన్ని కుటుంబాలతో మన సంఘ సభ్యులకు పరిచయం ఉన్నది. ఆ పరిచయంతోనే పోయిన ఏడాది పదకొండు మంది పిల్లలను, కొందరు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని కిష్టారం వైపు వెళ్ళాము. బుద్ధుని జీవితాన్ని గురించిన తెలుగు పుస్తకాల కట్ట ఒకటి మా వెంట ఉన్నది. ఊరివారు చింతచెట్టు నీడన మంచాలు వేసి కూర్చోబెట్టారు, నీళ్ళు ఇచ్చారు. పద్నాలుగేళ్ళ బాలుడొకడు మాకు దుబాసిగా నిలిచాడు. అతనికి ఇంట్లో కోయ మాట, ఊరి బడిలో హిందీ. తల్లిదండ్రులు కూలికి వచ్చినప్పుడు గోదావరి ఈవల రెండేళ్ళు చదివినందువల్ల తెలుగు కూడా వచ్చు. మేము ఒక వాక్యం చెబితే పెద్దలకు కోయలో, అక్కడే ఉన్న ఉపాధ్యాయునికి హిందీలో ఒక్క తడబాటు లేకుండా అందించేవాడు.

అప్పుడు మన పిల్లలలో ఒక అమ్మాయి అతనిని అడిగింది: “అన్నా, మీరు హిందువులా, బౌద్ధులా?”

అతను కొంచెంసేపు ఆలోచించి, “మేము కోయతూర్‌లం” అన్నాడు.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆమె దగ్గర ఉన్నవి రెండే గళ్ళు. అతని జవాబు ఆ రెండింటిలోనూ పడలేదు. అంతలో మాతో వచ్చిన పెద్దమనిషి ఒకరు కల్పించుకొని, “వీరు నిజానికి బౌద్ధులే అమ్మా, కాలక్రమంలో మరచిపోయారు. కిష్టారం అన్న పేరు చివర ఉన్నది ఆరామమే కదా” అన్నారు. పిల్లలు దానిని పుస్తకాలలో రాసుకున్నారు. ఆ బాలుడు ఆ మాటను తన పెద్దలకు అనువదించలేదు. తల వంచుకొని ఊరుకున్నాడు. మేము కూడా ఊరుకున్నాము. అది మేము చేసిన తప్పు.

ఆ మాట ఎందుకు తప్పో మొదట చరిత్ర దృష్టితో చూద్దాము. తెలుగు ప్రాంతంలో ‘ఆరం’తో ముగిసే ఊళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ‘వరం’, ‘పురం’ అన్న మాటలు వాడుకలో అరిగిపోగా ఏర్పడినవి కావచ్చు. ఒక ఊరు ఆరామం అని చెప్పాలంటే స్తూపపు ఇటుకలు కావాలి, విహారపు గదుల పునాదులు కావాలి, శాసనమో దానపత్రమో కావాలి. బస్తర్‌లో అటువంటి ఆధారం ఉన్న చోటు లేకపోలేదు. నేటి కొండగావ్ జిల్లాలోని భోంగాపాల్‌లో బుద్ధ ప్రతిమ, చైత్యపు శిథిలాలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోనే మహాసముంద్ జిల్లా సిర్పూర్‌లో విహారాలు బయటపడ్డాయి. మన ఖమ్మం జిల్లాలో నేలకొండపల్లి స్తూపం ఉన్నది. వాటిని చూపి గర్వించడానికి మనకు అధికారం ఉన్నది. కిష్టారం విషయంలో మన దగ్గర ఉన్నది ధ్వనిసామ్యం ఒక్కటే. ధ్వనిసామ్యం సాక్ష్యం కాదు. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థి ఇలా రాస్తే మేము మార్కులు ఇవ్వము. సంఘ సభ్యులు చెప్పినందుకు దానిని చరిత్రగా అంగీకరించకూడదు.

ఇక ధమ్మ దృష్టితో చూద్దాము. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ డాక్టర్ అంబేడ్కర్ ధమ్మదీక్ష స్వీకరించి, తన వెంట వచ్చిన లక్షల మందిచేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ ప్రతిజ్ఞలను మనలో ప్రతి ఒక్కరూ చేశాము. వాటిలో అయిదవది బుద్ధుడు విష్ణువు అవతారమన్న ప్రచారాన్ని నిరాకరించేది. దానిని ప్రత్యేకంగా ఎందుకు చేర్చవలసి వచ్చింది? బుద్ధుని తిట్టినవారికంటే, “ఆయన మావాడే, మీరూ మావారే, మరచిపోయారంతే” అని నవ్వుతూ అన్నవారివల్ల ఎక్కువ నష్టం కలిగింది. మన పేరును మనం చెప్పుకొనే హక్కును ఆ నవ్వు హరించింది. ఆ ప్రతిజ్ఞ చేసిన మనమే, ఒక కోయ బాలుడు తన పేరు తాను చెప్పుకొన్న మరుక్షణం, “నీవు నిజానికి మావాడివే, మరచిపోయావు” అన్నాము. ఒకప్పుడు మనకు జరిగిన అన్యాయాన్ని మనం వేరొకరికి చేశాము. ఈ మాట కఠినంగా తోస్తే మన్నించండి. దీనికంటే మెత్తని మాట మాకు దొరకలేదు.

ఈ అనుభవం నుండి మేము తీసుకున్న అభిప్రాయం ఒక్కటే. పిల్లలకు పరుల సంస్కృతిని బోధించడమంటే ఆ పరులలో మనలను వెదకడం కాదు. వారు తమను తాము ఏమని చెప్పుకుంటారో వినడం, విన్నదానిని వారి పేరుతోనే గుర్తుంచుకోవడం. ఈ అలవాటు చిన్నతనంలో పడకపోతే పెద్దయ్యాక పడడం కష్టం.

ఇది కొత్త మాట కాదు, మన సంప్రదాయంలోనే ఉన్నది. వినయ పిటకంలోని చుల్లవగ్గలో ఒక ఘట్టం ఉన్నది. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఇద్దరు అన్నదమ్ములు భిక్షువులయ్యారు. చక్కని ఉచ్చారణ కలవారు. రకరకాల కులాల నుండి, దేశాల నుండి వచ్చిన భిక్షువులు తమ తమ మాటలలో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని, తాము దానిని ఛందస్సులోకి మారుస్తామని బుద్ధునికి విన్నవించారు. భగవానుడు వారిని మందలించి, ఆ పని చేయరాదని నిషేధించి, బుద్ధవచనాన్ని ‘సకాయ నిరుత్తియా’, అంటే సొంత పలుకుబడిలో, నేర్చుకోవచ్చునని అనుమతించాడు. ఇక్కడ సొంత పలుకుబడి అంటే నేర్చుకొనేవారిదా, బుద్ధునిదా అన్న విషయంలో వ్యాఖ్యాతలకు భేదాభిప్రాయం ఉన్నది. ఎట్లా తీసుకున్నా, ఒక వర్గపు ఉచ్చారణను అందరికీ కొలమానం చేయాలన్న ప్రతిపాదనను ఆయన తిరస్కరించాడన్నది స్పష్టం.

అశోకుడు ఈ పద్ధతిని రాజ్యమంతటా అమలు చేశాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. వాయవ్యాన షాబాజ్‌గఢీ, మాన్‌సేరాలలో అక్కడివారికి తెలిసిన ఖరోష్ఠీ లిపిని వాడాడు. 1958లో కాందహార్‌లో దొరికిన శాసనం గ్రీకు, అరమాయిక్ భాషలలో ఉన్నది. అందులో ధమ్మానికి గ్రీకువారు తమ భక్తిశ్రద్ధలకు వాడుకొనే మాటనే వాడారు. పన్నెండవ శిలాశాసనంలో ఆ చక్రవర్తి, తన మతాన్ని పొగడుకొని పరుల మతాన్ని కించపరచేవాడు నిజానికి తన మతానికే హాని చేస్తున్నాడని, ఒకరి ధర్మాన్ని మరొకరు వినాలని బోధించాడు. ఈ శాసనం మన బాలల తరగతిలో ఇప్పటికే పాఠంగా ఉన్నది, సంతోషం.

అయితే పదమూడవ శాసనాన్ని కూడా పూర్తిగా చెప్పాలి. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని వారి చోటి నుండి తరలించారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని రాజు చెప్పిన భాగాన్ని మనం సగర్వంగా చదువుతాము. మన ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనంలో ఉన్నది. మనం సాధారణంగా చదవని వాక్యాలు కొన్ని దానిలోనే ఉన్నాయి. తన రాజ్యంలోని అడవి జనులను అనునయిస్తూనే, పశ్చాత్తాపపడినప్పటికీ తనకు శక్తి ఉన్నదని, వారు తమ ప్రవర్తన మార్చుకొని చావు తప్పించుకోవాలని రాజు హెచ్చరించాడు. యుద్ధం జరిగిన కళింగంలోని ధౌలి, జౌగడలలో మాత్రం ఈ పదమూడవ శాసనాన్ని చెక్కించలేదు. అశోకుని మీద మనకు గల గౌరవం ఈ వాక్యాల వల్ల తగ్గనక్కరలేదు. కాని అడవి వైపు నిలబడి ఆ శాసనాన్ని వింటే ఎట్లా ఉంటుందో మన పిల్లలు ఒక్కసారి ఊహించగలగాలి. ఆ ఊహ లేని చరిత్ర పాఠం స్తోత్రపాఠం అవుతుంది.

ఇక నాగార్జునకొండ. అక్కడ ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉన్నది. చైత్యగృహాన్ని కట్టించిన ఆ తల్లి, తామ్రపర్ణి థేరులు ధమ్మాన్ని చేర్చిన దేశాల పేర్లను వరుసగా చెప్పించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, దమిళ మొదలైన పేర్లు అందులో ఉన్నాయి. ‘చిలాత’ అన్న పేరు కూడా ఉన్నది, అది కిరాతులను సూచిస్తుందని పండితుల అభిప్రాయం. కృష్ణా తీరంలో కూర్చున్న ఒక గృహిణి ఇన్ని జనాల పేర్లను రాతిలో నిలిపింది. నేడు మన పిల్లలలో పక్క జిల్లా జనాల పేర్లు నాలుగు చెప్పగలవారు ఎంతమంది?

ఇక వర్తమానానికి వద్దాము. 2005 నుండి సల్వా జుడుం పేరిట జరిగిన హింసలో ఊళ్ళు ఖాళీ అయ్యాయి, బడులు మూతపడ్డాయి. రెండు తుపాకుల మధ్య నిలువలేక వేలాది కుటుంబాలు ఆనాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు వచ్చాయి. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తులలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన తెలుగువారు. తీర్పు వచ్చినా, వచ్చినవారందరూ తిరిగి వెళ్ళలేదు. ఇక్కడ వారిని ‘గుత్తికోయలు’ అంటున్నాము. అది మనం పెట్టిన పేరు. వారు తమను కోయతూర్ అంటారు. ఆవలి ప్రభుత్వ పత్రాలలో వారిలో కొందరు ‘దోర్ల’ అని నమోదయ్యారు. ఒకే మనిషికి మూడు పేర్లు, అందులో రెండు ఇతరులు ఇచ్చినవి.

మన వంటింట్లోని కారానికి, వారికి ఉన్న సంబంధాన్ని కూడా పిల్లలకు చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ అమలులో ఉన్నప్పుడు, ములుగు జిల్లా మిరప తోటలలో కూలికి వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక ఒకతె బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరి, మూడు రోజులు నడిచి, ఇంటికి చేరువలో ప్రాణం విడిచింది. ఆ వార్త చదివిన రోజున మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్న పిల్లలకు ఏమి చెప్పాలో మాకు తోచలేదు. ఆ బాలిక ఏ భాషలో మాట్లాడేదో, ఏ పండుగకు ఎదురుచూసేదో తెలిసి ఉంటే ఆమె మరణం మనకు ఒక సంఖ్యగా మిగిలేది కాదు. సంస్కృతుల చదువు పిల్లల జ్ఞానాన్ని పెంచుతుందని అందరూ అంటారు. మా దృష్టిలో దానికంటే పెద్ద ప్రయోజనం ఇది: ఎవరి బాధ మనకు బాధగా తోస్తుందో ఆ పరిధి విశాలమవుతుంది. దీనినే మనం మైత్రి అంటాము.

ఇటువంటి ప్రయత్నం చేసినవారు తెలుగునాట లేకపోలేదు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండగా సవరల భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం బడులు పెట్టారు, 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రకటించారు. వ్యావహారిక తెలుగు కోసం వారు చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న స్మరించే మనం, ఈ రెండవ సేవను పిల్లలకు చెప్పము. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాత, నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రాన్ని ఆరంభించారు. గోండీ భాషలోనే వాచకాలు తయారయ్యాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండీ, సవర మొదలైన 8 భాషలలో ప్రాథమిక తరగతుల బోధన ప్రారంభించింది. ఇవేవీ నిలకడగా విస్తరించలేదన్నది విచారకరమైన సత్యం. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ, బోడో భాషలు ఎనిమిదవ షెడ్యూలులో చేరాయి. గోండీ, కోయ చేరలేదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించాలని చెప్పే 350-ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. అది ధమ్మదీక్ష జరిగిన సంవత్సరమే.

ఇప్పుడు మన సభ్యులు తరచు లేవనెత్తే రెండు సందేహాలకు మాకు తోచిన సమాధానం చెబుతాము.

మొదటి సందేహం: “మనం ఎంతో కష్టపడి పాత దేవుళ్ళ నుండి, పాత కట్టుబాట్ల నుండి బయటపడ్డాము. పిల్లలకు మళ్ళీ ఇతరుల దేవతలను, జాతరలను పరిచయం చేస్తే వారు తికమక పడరా?” ఈ భయం అర్థం లేనిది కాదు. దీక్ష తీసుకున్న మొదటి తరం ఇంట్లో పటాలు తీసివేసేటప్పుడు అనుభవించిన వేదన మాకు తెలుసు. మా తల్లిగారు ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. అయినా తెలుసుకోవడం వేరు, పూజించడం వేరు. మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతర జరుగుతుంది. అక్కడ విగ్రహాలు లేవని, కోయ పూజారులు అడవి నుండి వారిని గద్దెలకు తీసుకువస్తారని, బెల్లాన్ని బంగారమని పిలుస్తారని, పన్ను కట్టలేమన్నవారి మీదికి వచ్చిన సైన్యాన్ని ఒక తల్లి, ఆమె కుమార్తె ఎదిరించారన్న గాథ దాని మూలమని పిల్లలు తెలుసుకుంటే మన ప్రతిజ్ఞలకు వచ్చే లోటు ఏమిటి? తన ఇల్లు ఎక్కడో తెలిసిన పిల్లవాడు పొరుగింటికి వెళ్ళి తప్పిపోడు.

రెండవ సందేహం: “ప్రతి ఆచారాన్నీ గౌరవించమంటారా? చేతబడి అనుమానంతో మనుషులను చంపే సంఘటనలు కూడా ఉన్నాయి కదా.” ఉన్నాయి. హింసను ఏ సంస్కృతి పేరుతోనూ సమర్థించనక్కరలేదు. కేసపుత్తలో కాలాములకు బుద్ధుడు ఇచ్చిన ఉపదేశం ఇందుకే ఉన్నది: పరంపరగా వస్తున్నదని నమ్మవద్దు, హాని కలిగించేదని తెలిస్తే విడిచిపెట్టండి. కాని ఈ పరీక్షను మొదట మన ఇంటి నుండి మొదలుపెట్టాలి. దీక్ష తీసుకున్న తరువాత కూడా పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఉపకులం అడిగే ఆచారం మనలో ఇంకా ఉన్నది. మన లోపాన్ని మన పిల్లల ముందు ఒప్పుకొన్నప్పుడే పరుల లోపాన్ని గురించి మాట్లాడే యోగ్యత వస్తుంది. ఆ లోపంతో పోరాడే మనుషులు మనలో ఉన్నట్లే కోయలలోనూ ఉన్నారని కూడా పిల్లలకు చెప్పాలి.

బాబాసాహెబ్ 1936లో ‘కులనిర్మూలన’లో ఆదివాసుల ప్రస్తావన తెచ్చారు. ఆ కాలపు పదజాలం కొన్నిచోట్ల ఈనాడు మనకు ఇబ్బందిగా తోస్తుంది. అయినా వారి ప్రశ్న సూటిగా ఉన్నది: ఈ సమాజం వారిని తనవారిగా ప్రేమించి, వారి మధ్య నివసించి, వారితో సహానుభూతిని ఎందుకు పెంచుకోలేదు? ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. తనవారిగా ప్రేమించడం వేరు, తన పేరును వారికి తగిలించడం వేరు. వారు 1950లో ఔరంగాబాద్‌లో స్థాపించిన కళాశాలకు తరువాత మిళిందుని పేరు పెట్టారు. మిళిందుడు యవనుడు, పరదేశి. నాగసేన భంతేను వరుసగా ప్రశ్నించినవాడు. ఉపదేశించిన నాగసేనుని పేరుకు బదులు, ప్రశ్నించిన పరదేశి పేరు ఒక విద్యాలయానికి దక్కింది. మన తరగతులు ఎట్లా ఉండాలో ఇంతకంటే వేరే చెప్పనక్కరలేదు.

కార్యవర్గం ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాము. మొదటిది, మన బాలల తరగతిలో ఇకమీదట ఏ జనాన్ని గురించి పాఠం చెప్పినా, సాధ్యమైనంతవరకు ఆ జనానికి చెందినవారే వచ్చి చెప్పాలి. వారికి దారి ఖర్చులు, రోజు కూలి నష్టం మన సంఘమే భరించాలి. అరగంట ప్రసంగం కోసం ఒక మిరప కూలీ ఒక రోజు కూలి పోగొట్టుకోకూడదు. రెండవది, మనం ముద్రించిన బుద్ధచరిత్ర పుస్తకాలను కిష్టారంలో పంచే ఆలోచనను ప్రస్తుతానికి ఆపాలి. దానికి బదులు అక్కడి పెద్దలు అంగీకరిస్తే, వారి విత్తనాల పండుగను గురించి, వారి కథలను గురించి, వారు చెప్పినది చెప్పినట్లు కోయ మాటలో, తెలుగు లిపిలోనూ నాగరి లిపిలోనూ ఒక చిన్న పుస్తకం వేద్దాము. దాని మీద వారి పేరే ఉండాలి. ధమ్మాన్ని గురించి వారు అడిగిన రోజున చెబుదాము, అడగకపోతే మైత్రికి లోటు లేదు. మూడవది, ఆ రోజు మన పిల్లలు పుస్తకాలలో రాసుకున్న వాక్యాన్ని కొట్టివేయించి, దాని పక్కన ఆ బాలుని జవాబును రాయించాలి. ఈ మూడవ పని మేము గత ఆదివారమే ప్రారంభించాము.

చివరగా ఒక మాట. ఆ రోజు కిష్టారం నుండి బయలుదేరేటప్పుడు ఆ బాలుడు దారిలోని ఊళ్ళను గురించి చెబుతూ చింతల్‌నార్ పేరు ఎత్తాడు. “నార్ అంటే మా మాటలో ఊరు, చింత మీకు తెలుసు కదా సార్” అన్నాడు. ఒక ఊరి పేరులో తెలుగు మాట, గోండీ మాట పక్కపక్కన ఏ తగాదా లేకుండా ఎన్ని తరాల నుండి ఉన్నాయో మేము ఎప్పుడూ ఆలోచించలేదు. తరువాత అతను మన పిల్లలను, “మీ ఊరి పేరుకు అర్థమేమిటి?” అని అడిగాడు. పదకొండు మందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. తిరిగి వచ్చిన రాత్రి ఆ పదకొండు ఇళ్ళలోనూ పిల్లలు అమ్మమ్మలను, నాయనమ్మలను కూర్చోబెట్టి అడిగారని తల్లిదండ్రులు మాకు చెప్పారు. కొన్ని ఇళ్ళలో జవాబు దొరికింది, కొన్నిచోట్ల పాత కథలు బయటికి వచ్చాయి. మన పిల్లలు తమ ఊరిని గురించి అడగడం మొదలుపెట్టినది పొరుగువాడు అడిగిన తరువాతనే.

ఆ అబ్బాయిని వచ్చే బుద్ధ పూర్ణిమకు మన బాలల తరగతికి ఆహ్వానించాము. ఏమి చెప్పాలో అతనే నిర్ణయించుకుంటాడు. మనం వినడానికి సిద్ధపడదాము.